రెండు వేళ్లు పెరిగిన సీసా

రెండువందల నలభై ఏళ్లుగా ఎవరూ మూత తియ్యని సీసాలో వైన్ రెండు వేళ్ల ఎత్తు పెరిగిందన్న సంగతి సోమవారం ఉదయం పదకొండున్నరకి బయటపడింది.

తగ్గి ఉంటే ఇంత గొడవ లేదు. తగ్గుదలకి వాణిజ్య వారసత్వ శాఖలో తొమ్మిదో నంబరు ఫారం ఉంది. ఎండలు మెండనీ, బిరడా పాతదనీ రాసి మూడు కాపీలు పంపితే, పంపిన క్యూరేటర్ మీద విచారణ మొదలవుతుంది. అది ఏడెనిమిదేళ్లు నడుస్తుంది. ఈలోగా ఆయన రిటైరైపోతాడు. అంతా ఒక పద్ధతిలో జరిగిపోతుంది. పెరుగుదలకి మాత్రం ఫారం లేదు.

ఆ విషయం గదిలో అందరికన్నా ముందు తట్టింది క్యూరేటర్ పిల్లా త్రినాథానికి. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఒక్క మెమో కూడా అందుకోని మనిషి. తన గురించి తను గొప్పగా చెప్పుకోవడానికి ఆయన దగ్గర ఉన్నది ఆ ఒక్కటే. ఇప్పుడు అది కూడా చేజారుతున్నట్టు అనిపించి, చీకట్లో గోడ పట్టుకున్నాడు.

చీకటి అంటే పట్టపగలు కావాలని చేసుకున్న చీకటి. వలందరేవులో సముద్రం ఒడ్డున డచ్చి దొరలు కట్టుకున్న పాత గిడ్డంగి ఒకటుంది. ఒకప్పుడు ఓడల్లో వైన్ పీపాలు అక్కడ దిగేవి, నేతబట్టలు అక్కణ్ణించి ఎక్కేవి. ఇప్పుడందులో మూడు గదుల ప్రదర్శనశాల. బయట 'వైన్ వాణిజ్య చరిత్ర ప్రదర్శనశాల' అని బోర్డు. రోజుకి పన్నెండుమంది వస్తారు. అందులో ఏడుగురు మొదటి మాట మాత్రం చదివి వచ్చినవాళ్లు. మొదటి గదిలో విరిగిన జాడీలు, రెండో గదిలో పీపాల ఇనుపపట్టీలు, ఓడల పటాలు. మూడో గదిలో అద్దాల పెట్టెలో పదిహేడో నంబరు వస్తువు: నిండు సీసా. ఆ రేవులో దిగిన వేలాది సీసాల్లో మిగిలింది అదొక్కటే.

సీసా గాజు దాదాపు నల్లగా ఉంటుంది. లోపల ఏముందో, ఎంతుందో మామూలుగా చూస్తే తెలీదు. అందుకని ఏడాదికోసారి కిటికీలు మూసి, వెనకనుంచి టార్చిలైటు వేసి, మెడ చుట్టూ కట్టిన ఎర్రదారంతో వైన్ మట్టం సరిపోయిందో లేదో చూస్తారు. దారం ప్రదర్శనశాల తెరిచిన రోజున కట్టింది.

"త్రినాథం గారూ, దారం ఎక్కడుంది?" అన్నాడు తనిఖీకి వచ్చిన జాయింట్ డైరెక్టర్ చామర్తి పురుషోత్తం.

"సీసా మెడకే ఉంది సార్."

"వైన్ ఎక్కడుంది?"

"సీసాలోనే ఉంది సార్."

"నేనడిగింది దారానికి పైనా, కిందా అని."

టార్చి పట్టుకున్న అటెండరు గరికిన నూకరత్నం జవాబిచ్చింది. "పైకే ఉంది పెద్దబాబూ. మంచిదే గదా. ఎక్కువయ్యింది గానీ తక్కువవ్వనేదు గదా."

"నూకరత్నం, ప్రభుత్వంలో ఏ పెరుగుదలైనా మంజూరయ్యాకే జరగాలి" అన్నాడు పురుషోత్తం.

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన తొలి ఉద్యోగం ఇదే ప్రదర్శనశాలలో క్యూరేటర్‌గిరీ. అద్దాలపెట్టె పక్కన వేలాడే చెక్కపలక మీద సీసా గురించి రాసిందీ ఆయనే. తనిఖీకి వచ్చినప్పుడల్లా దాన్ని ఒకసారి పైకి చదువుకునేవాడు: 'ఈ ప్రాచీన మధువు ఆరంభమున వగరు, అంతమున మధురము. జిహ్వ ఊదావర్ణము దాల్చును. - చామర్తి పురుషోత్తం, క్యూరేటర్, 1990.' ఈసారి చదవలేదు.

నూకరత్నానికి ఆ రోజు చాలా ముఖ్యమైన రోజు. పంతొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద ఊడుస్తూ, తుడుస్తూ, తాళాలు వేస్తూ ఉంది. ఆమెను పర్మనెంటు చేసే ఆర్డరు రాజధానిలో తయారై, పురుషోత్తం బ్రీఫ్‌కేసులో వచ్చింది. టీ అయ్యాక ఇస్తానని ఆయనే పొద్దున్న చెప్పాడు. దాని మీద ఇంకా ఒక్క సంతకం కావాలి: 'ఈ సంస్థకు సంబంధించి ఏ విచారణా పెండింగులో లేదు' అన్న వాక్యం కింద ఆయన సంతకం.

టీ వచ్చింది. పురుషోత్తం బ్రీఫ్‌కేసు తెరిచాడు, ఆ కాగితాన్ని చూశాడు, మళ్లీ మూశాడు.

"ముందు ఈ పెరుగుదల సంగతి తేలనీ" అన్నాడు. ఫోను చేసుకోవడానికి బయటికెళ్లాడు.

త్రినాథం కిటికీ తెరిచి నూకరత్నం మొహంలోకి చూశాడు. ఆమె కూడా గోడ పట్టుకునే ఉంది.

"నూకరత్నం, నువ్వేమైనా..."

"తమరేమైనా..." అంది ఆమె అదే క్షణంలో.

ఇద్దరూ తలుపు వైపు చూశారు. త్రినాథం గొంతు తగ్గించాడు. "పది నెలల కింద చార్జి ఇస్తూ పాత క్యూరేటర్ తలుపేసి చెప్పాడు. ఏటా తనిఖీకి ముందు బిరడాలోంచి రెండు సిరంజీలు ఎక్కించాలి, లేకపోతే ఆవిరైపోయి దారం కిందకి దిగుతుంది, తొమ్మిదో నంబరు ఫారం పడుతుంది అని. ఎందుకని అడిగితే, తననీ అడగొద్దన్నారన్నాడు. గురువారం ఎక్కించాను. కాఫీ డికాషన్."

నూకరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నాకూ ఆ బాబే సెప్పాడు. ఏటా రెండు సిరంజీలు. కొత్తబాబు బయస్తుడు, ఆయనకి సెప్పకు, నువ్వే సూసుకో అన్నాడు. సుక్కురారం ఎక్కించాను బాబూ. సింతపండు, బెల్లం మరిగించి."

"ఎక్కించేముందు టార్చి వేసి చూసుకోలేదా?"

"తమరు సూసేరా?"

చూడలేదు. ఏటా రెండంటే రెండు. చూసి పొయ్యమని ఎవరూ చెప్పలేదు.

"ఏం ఫర్లేదు. పెద్దాయన కొలుచుకుని వెళ్లిపోతాడు. వేసవికి అదే ఆవిరైపోతుంది" అన్నాడు త్రినాథం.

అప్పటికే పురుషోత్తం బయట వేపచెట్టు కింద నిలబడి ఆబ్కారీ శాఖకి ఫోను చేసేశాడు.

*

మర్నాడు ఆబ్కారీ ఇన్‌స్పెక్టర్ కొల్లి గజపతి జీపులో దిగాడు. సీసా చుట్టూ మూడుసార్లు తిరిగాడు. నోటుపుస్తకం తీశాడు.

"మత్తుపదార్థం ఒకచోట తగ్గితే అది వినియోగం. ఒకచోటినుంచి ఇంకోచోటికి పోతే రవాణా. ఉన్నచోటే పెరిగితే తయారీ. మా చట్టంలో నాలుగోది లేదండీ" అన్నాడు.

"ఇది పురావస్తువండీ" అన్నాడు త్రినాథం.

"ఉండొచ్చు. కానీ పురావస్తువులు పెరగవు. మీ రెండో గదిలో ఇనుపపట్టీలు పెరిగాయా? జాడీలు పెరిగాయా? ఇదొక్కటే పెరిగింది. కాబట్టి ఇది తయారీ కేంద్రం. లైసెన్సు చూపించండి."

లైసెన్సు లేదు. అప్పుడు గజపతి టేపు తీయించి కొలిచాడు. ప్రదర్శనశాలకి అరవై మీటర్లలో హైస్కూలుంది. నలభై మీటర్లలో రామమందిరం ఉంది. తయారీ కేంద్రం అంత దగ్గర ఉండకూడదు.

"మా గిడ్డంగి రెండువందల యాభై ఏళ్ల నుంచీ ఉందండీ. స్కూలు తర్వాత వచ్చింది" అన్నాడు త్రినాథం.

"అయితే అన్నేళ్ల ముందునుంచే మీది నేరమన్నమాట" అని రాసుకున్నాడు గజపతి.

సీసాని పట్టుకుపోదామంటే అది వారసత్వ సంపద, కదపకూడదు. వదిలేద్దామంటే అది ఉత్పత్తి, వదలకూడదు. రెండు శాఖలూ ఆలోచించి, సీసా ఉన్నచోటే ఉండేలాగా, దాని చుట్టూ ఆబ్కారీ నిబంధనలు అమలయ్యేలాగా ఒప్పందం చేసుకున్నాయి. బుధవారం నుంచి గేటు దగ్గర ఒక కానిస్టేబులు కూర్చున్నాడు. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివారికి ప్రవేశం లేదని బోర్డు పెట్టారు. డచ్చివాళ్ల వైన్ జాడీలు చూసి వ్యాసం రాయడానికి వచ్చిన తొమ్మిదో తరగతి ఆడపిల్లలు నలభైమంది ఎండలో వెనక్కి తిరిగారు. వాళ్ల సోషల్ టీచరుని మాత్రం లోపలికి పంపి, బయటికొచ్చేటప్పుడు గొట్టంలో ఊదించారు.

"నేను చదవడానికొచ్చానండీ" అంది ఆవిడ ఊదుతూ.

"చదివి ఎంతసేపయింది మేడమ్?" అన్నాడు కానిస్టేబులు.

శుక్రవారంకల్లా ఊరికి సంగతి తెలిసింది. చేపలవీధి నుంచి ఒకాయన ప్లాస్టిక్ గ్లాసు, మిరపకాయ బజ్జీల పొట్లం పట్టుకుని వచ్చి, రెండో గదిలో ఓడల పటం కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఇక్కడేమీ అమ్మం బాబాయ్" అన్నాడు త్రినాథం.

"తెలుసు బాబూ. తయారుసేసి ఎవులికి పంపుతన్నారు మరి? మా ఊళ్లో సరుకు మాకేనా ఇవ్వరా?"

త్రినాథం ఆయన్ని గేటుదాకా దిగబెట్టి వచ్చాడు. కానిస్టేబులు ఇద్దర్నీ ఊదమన్నాడు.

*

తయారీ కేంద్రం అన్నాక ఉత్పత్తి ఎంతో తేలాలి. పురుషోత్తం వలందరేవు అతిథిగృహంలోనే మకాం పెట్టి, రోజుకి రెండుసార్లు మట్టం కొలిపించాడు. టార్చి వెలుగు చాలదని పెళ్లిళ్లకి వాడే పెద్ద ఫోకస్ లైటు తెప్పించి సీసా వెనక పెట్టించాడు. మార్చి నెలాఖరు. కిటికీలు మూసిన గది. ఆ లైటు ముందు మనుషులే కరిగిపోతున్నారు. ఉదయం ఎనిమిదికి దారం మీద రెండు వేళ్లున్న వైన్, మధ్యాహ్నం రెండింటికి రెండున్నర వేళ్లయింది. మర్నాడు ఉదయానికి మళ్లీ రెండు. మధ్యాహ్నానికి మళ్లీ రెండున్నర.

"చూశారా! పగటి షిఫ్టులో ఉత్పత్తి ఎక్కువ" అన్నాడు గజపతి.

"మరి రాత్రి తగ్గుతోందేం?" అన్నాడు త్రినాథం. వేడికి ఏ ద్రవమైనా వ్యాకోచిస్తుందని పక్కనున్న హైస్కూల్లో ఏ పిల్లనడిగినా చెప్తుంది. కానీ పిల్లలకి ప్రవేశం లేదు.

"రాత్రి తగ్గుతోందంటే సరుకు బయటికి పోతోంది" అన్నాడు గజపతి. "రాత్రి తాళం ఎవరి దగ్గరుంటుంది?"

తాళం నూకరత్నం దగ్గరుంటుంది.

కార్ఖానా ఉంది, షిఫ్టు ఉంది, సరుకు ఉంది. ఇప్పటిదాకా లేనిది కార్మికురాలు ఒక్కతే. ఆమె కూడా దొరికాక పురుషోత్తం మొహంలో ఎంతో ప్రశాంతత కనిపించింది. ఆయనకి మనుషుల మీద కోపం ఉండదు; ఖాళీగా ఉన్న గడులంటేనే కోపం.

మెమో ఇవ్వాల్సింది త్రినాథం. వరండాలో బెంచీ మీద కూర్చుని కట్టు తెగిన చీపురు బిగించుకుంటున్న నూకరత్నం దగ్గరికి వెళ్లి కాగితం అందించాడు. 'ప్రభుత్వ ఆవరణలో, ప్రభుత్వ సమయంలో, ప్రభుత్వ సీసాలో మద్యం ఉత్పత్తి చేసినందుకు మిమ్ములను విధులనుండి ఎందుకు తొలగించరాదో...'

ఆమె చదువుకోలేదు. ఆయనే చదివి వినిపించాడు.

"అంతా నా పేరునే ఉందా బాబూ?"

"ఊఁ."

"ఇంటిపేరుతోటేనా?"

"గరికిన నూకరత్నం అని స్పష్టంగా రాశారు."

ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "పంతొమ్మిదేళ్లయింది బాబూ. మస్టర్లో నా పేరుండదు, 'ఇతరులు' అని ఉంటాది. నా పేరుమీద గవర్మెంటు కాయితం రావడం ఇదే మొదలు." వేలిముద్ర వేసి ఇచ్చేసింది. చీపురు మళ్లీ బిగించుకోవడం మొదలుపెట్టింది. "తమరి గురించి నాను సెప్పను. తమరు నాలాగ కాదు, రికార్డున్న మనిషి."

ఇరవై తొమ్మిదేళ్లు మెమో లేకుండా బతకడమంటే, పడాల్సిన మెమోలన్నీ పక్కవాళ్ల మీద పడ్డాయనేమో అన్న ఆలోచన త్రినాథానికి ఆ మధ్యాహ్నం మొదటిసారి వచ్చింది.

*

వారం తిరిగాక, బిరడా పరీక్షించి సీసాలోంచి నమూనా తీసుకెళ్లిన ప్రయోగశాలవాళ్ల నివేదిక వచ్చింది. పురుషోత్తం అధ్యక్షుడుగా, గజపతి సభ్యుడుగా, త్రినాథం సమావేశకర్తగా ముగ్గురి విచారణ సంఘం మూడో గదిలో, సీసా ఎదురుగా కూర్చుంది. నూకరత్నాన్ని పదింటికి పిలిపించారు. పదీ నలభై అయినా ఆమె రాలేదు.

"పరారీ" అని రాసుకున్నాడు గజపతి.

పురుషోత్తం కవరు చింపి, సభలో ఉపన్యాసం చదివినట్టు చదివాడు. "బిరడాలో సూదిరంధ్రాలు డెబ్బై మూడు. బిరడా జల్లెడను పోలియున్నది. సీసాలోని ద్రవమందు కాఫీ..."

త్రినాథం కళ్లు మూసుకున్నాడు.

"...చింతపండు, బెల్లం, బీట్‌రూటు, దగ్గుమందు, సగ్గుబియ్యపు గంజి, హెచ్చు భాగం నీరు, మరియు ఎర్ర..." పురుషోత్తం ఆగాడు. గ్లాసు తీసి మంచినీళ్లు తాగాడు. "...మరియు ఇతరములు."

గజపతి ఆ కాగితం తనవైపు లాక్కున్నాడు. "ఎర్రసిరా అనుంది సార్ ఇక్కడ. ద్రాక్ష లేదు. ఆల్కహాలు లేదు. అసలు సారాయే లేదు సార్ ఇందులో!"

త్రినాథానికి ప్రాణం లేచివచ్చింది. "అంటే తయారీ లేదన్నమాట. నూకరత్నం మీద కేసు పోయినట్టే."

"ఎలా పోతుంది?" అన్నాడు పురుషోత్తం గొంతు సర్దుకుని. "ఇన్నాళ్లూ ఆమె తయారుచేసింది అనుకున్నాం. ఇప్పుడు ఉన్న వైన్ లేదని తేలింది. అంటే తాగింది. తాగి, ఇవన్నీ పోసింది. నేరస్థురాలు మారలేదు, నేరం మారింది. మెమో మొత్తం మార్చనక్కర్లేదు. 'ఉత్పత్తి' అన్నచోట 'సేవనం' అని దిద్దితే సరిపోతుంది."

త్రినాథం లేచి నిలబడ్డాడు. కాళ్లు ఆయన్ని అడక్కుండానే లేచాయి.

"సార్, అందులో కాఫీ నేను పోశాను."

గజపతి నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పాడు.

"గురువారం. రెండు సిరంజీలు. మా ఇంటి డికాషనే. చింతపండు, బెల్లం నూకరత్నానివి. మాకు ముందు ఉన్నాయన చెప్పాడు. ఆయనకి ఆయన ముందున్నాయన చెప్పి ఉంటాడు. మీక్కావాలంటే రాసిస్తాను."

"కూర్చోండి" అన్నాడు పురుషోత్తం.

"రాసుకోండి సార్."

"త్రినాథం గారూ, మీరు గెజిటెడ్ అధికారి. గెజిటెడ్ అధికారి నేరం ఒప్పుకోవాలంటే పైవారి ముందస్తు అనుమతి ఉండాలి. పైవాణ్ణి నేను. నేను ఇవ్వడంలేదు. మీరు ఒప్పుకున్నారనుకోండి, మీ ముందువాణ్ణి పిలవాలి. ఆయన తన ముందువాణ్ణి చూపిస్తాడు. అలా పోతే విచారణ..." పురుషోత్తం సీసా వైపు చూసి, చూపు తిప్పేసుకున్నాడు. "విచారణ అనేది కిందకి పోవాలి గానీ వెనక్కి పోకూడదు. కూర్చోండి."

త్రినాథం నిలబడే ఉన్నాడు. జీవితంలో మొదటిసారి ఒక నేరం ఒప్పుకుంటే అది చెల్లలేదు.

అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది. "ఊదండి" అన్న కానిస్టేబులు గొంతు, దానివెంట "తొంభై రెండేళ్లవాణ్ణి, ఊపిరి తీసుకోవడమే కష్టంగా ఉంది, నీకోసం ఊదడం కూడానా నాయనా?" అన్న సన్నని గొంతు వినిపించాయి. నూకరత్నం ఒక ముసలాయన్ని మోచేయి పట్టుకుని లోపలికి నడిపించుకొచ్చింది.

ఆయన మంథా లక్ష్మీనృసింహం. ఈ ప్రదర్శనశాలకి మొట్టమొదటి క్యూరేటర్. యాభై ఎనిమిదిలో దాన్ని తెరిచి, తొంభైలో రిటైరై, లైట్‌హౌస్ వీధిలో ఒంటరిగా ఉంటున్నాడు. నూకరత్నం రోజూ ఆయనింట్లో మంచినీళ్లు పట్టి వస్తుంది.

"ఆలీసం అయిపోయింది, ఏటీ అనుకోకండి. మాస్టారు పంచి కట్టుకోడానికి అరగంట పట్టింది" అంది నూకరత్నం. "మెమో సంగతి సెప్తే ఆయనే వొత్తానన్నారు."

నృసింహం కుర్చీలో కుదురుకుని సీసాని పలకరింపుగా చూశాడు. "ఈ పిల్ల వైన్ తాగిందంటున్నారుట. ఎప్పుడు పుట్టావే నువ్వు?"

"డెబ్బైమూడు బాబూ."

"అందులో వైన్ యాభై ఎనిమిదిలోనే పోయింది. నేనే పోగొట్టాను" అన్నాడు ఆయన. "అప్పుడు ఈ జిల్లాలో మద్యనిషేధం. ప్రారంభోత్సవానికి రెండు రోజులుందనగా ఒకే టపాలో రెండు ఉత్తర్వులొచ్చాయి. ప్రదర్శనశాలలో నిండుసీసా విధిగా ఉండాలని ఒకటి. ప్రభుత్వ కార్యాలయంలో చుక్క సారా ఉండరాదని ఒకటి. రెండింటినీ పాటించాలిగా? మూత తీశాను. నూటడెబ్బై ఏళ్ల సరుకు కదా, చూద్దామని చెంచాడు నోట్లో వేసుకున్నాను. పళ్లు పులిసిపోయాయి నాయనా. వట్టి పులినీళ్లు. అన్ని వేల సీసాల్లో ఇదొక్కటే ఎందుకు మిగిలిందో అప్పుడర్థమైంది. బాగుంటే ఆ దొరలు మిగిల్చేవారా? ఓడలో వచ్చిన దారినే సముద్రంలోకి పంపేశాను. జూన్ నెల, మా దొడ్లో నేరేడుపళ్లు రాలుతున్నాయి. రసం తీసి నింపి, లక్క వేసి, దారం కట్టాను. ఏటా జూన్‌లో పాతది పారబోసి కొత్తరసం పోసేవాణ్ణి. రిటైరైన రోజు పొద్దున్న కూడా పోసి వచ్చాను."

గజపతి నోటుపుస్తకం మూసేశాడు. "యాభై ఎనిమిది నుంచీ సారాయే లేదంటే, ఇది మా పరిధిలోకి రాదు సార్. మా కానిస్టేబుల్ని తీసుకుపోతాను."

"అయితే నా కాయితం ఇచ్చెయ్యండి పెద్దబాబూ" అంది నూకరత్నం.

పురుషోత్తం చెయ్యి బ్రీఫ్‌కేసు దాకా వెళ్లి ఆగింది. ముప్పై నాలుగేళ్ల అలవాటు ఊరుకోనివ్వలేదు. "ఇచ్చెయ్యాలనే నాకూ ఉంది. కానీ నివేదికలో నేరేడు లేదు. నిండుసీసా నేరేడు రసం ఏమైనట్టు? ఏ విచారణా పెండింగులో లేదని నేను సంతకం చెయ్యాలంటే, అది తాగిందెవరో తేలాలి" అన్నాడు.

అన్నాక ఆయన మొహం రంగు మారింది. కానీ మాట అప్పటికే బయటికొచ్చేసింది.

త్రినాథం అద్దాలపెట్టె పక్కన నిలబడి ఉన్నాడు. పది నెలలుగా రోజూ చూస్తున్న చెక్కపలకని మొదటిసారి నిజంగా చదివాడు. తర్వాత పైకి చదివాడు, ఒక్కో మాట విడమరిచి. "ఆరంభమున వగరు. అంతమున మధురము. జిహ్వ ఊదావర్ణము దాల్చును."

"నేరేడుపండే! నా రసమే!" అన్నాడు నృసింహం సంబరంగా. "ఎవరు రాశారు నాయనా? తాగినవాడు తప్ప ఇంత చక్కగా రాయలేడు."

"కింద పేరుంది మాస్టారూ. సంవత్సరం కూడా ఉంది" అన్నాడు త్రినాథం. పురుషోత్తం వైపు తిరిగాడు. "మూత తియ్యని సీసా కదా సార్. రుచి ఎలా తెలిసింది?"

ఫోకస్ లైటు వెలుగులో సీసా మెరుస్తోంది. పురుషోత్తం బ్రీఫ్‌కేసు తెరిచి, ఆర్డరు తీసి, సంతకం చేసి నూకరత్నం చేతికిచ్చాడు. తర్వాత గజపతి జేబులోని పెన్ను పురుషోత్తమే లాగి త్రినాథానికి అందించాడు.

"రాసుకోండి" అన్నాడు. "తొంభై జూన్‌లో ఇక్కడ చార్జి తీసుకున్నాను. పాతికేళ్లవాణ్ణి. తొలి ఉద్యోగం. సాయంత్రం అయిదు దాటితే ఈ ఊళ్లో పలకరించే దిక్కు లేదు. నాలుగు రోజులు ఈ సీసా ఎదురుగా కూర్చున్నాను. అయిదో రోజున, సదరు వస్తువును సమగ్రముగా పరిశీలించు నిమిత్తము... కాదు, అది కొట్టెయ్యండి. తాగాలనిపించింది, తాగాను. ఒక్క గుక్క అనుకున్నాను. సగం అయిపోయింది. సగం ఉంటే పట్టుబడతానని మిగతాదీ తాగేశాను. నీళ్లు పోసి ఎర్రసిరా కలిపాను. తగ్గినప్పుడల్లా రెండు సిరంజీలు ఎక్కించమని తర్వాతివాడికి చెప్పాను. ఆ రోజు ఇంటికెళ్తూ తూలాను. ఇద్దరు జాలరులు చెరో రెక్కా పట్టుకుని నడిపించారు. లైట్‌హౌస్ కింద నిలబడి పద్యాలు పాడానుట. మత్తు దిగక మూడు రోజులు సెలవు పెట్టాను. మా ఆవిడకి ఇవాళ్టిదాకా చెప్పలేదు. మద్యం మనిషిని ఎంతకి దిగజారుస్తుందో ముప్పై నాలుగేళ్లుగా స్కూళ్లలో పిల్లలకి చెబుతున్నాను, స్వానుభవంతో. మాస్టారూ, అది నేరేడు రసమని చార్జి ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే, తాగడం ఎలాగూ తాగేవాణ్ణి, ఇంటికి మాత్రం తిన్నగా నడిచి వెళ్లేవాణ్ణి."